బైరాకు వెళ్తున్న అబ్బాయికి హైకమిషన్ ఏ మేరకు అండ?

ప్రశ్న: మా అబ్బాయికి మొజాంబిక్‌లోని బైరా రేవులో, సరుకు రవాణా సంస్థలో ఉద్యోగం వచ్చింది. అక్కడ మనకు రాయబార కార్యాలయం లేదని, హైకమిషన్ మాత్రమే ఉందని అంటున్నారు. ఆపద వస్తే అది మావాణ్ణి ఆదుకోగలదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాదు

జవాబు: కంగారు పడకండి. కామన్వెల్త్ (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమి) దేశాలు ఒకదానిలో ఒకటి నెలకొల్పుకొనే రాయబార కార్యాలయాలనే హైకమిషన్లంటారు. 1975 దాకా పోర్చుగీసు పాలనలో ఉన్న మొజాంబిక్ 1995లో ఆ కూటమిలో చేరింది కనుక రాజధాని మపూటోలోని మన కార్యాలయానికి ఆ పేరు.

స్వదేశానికి ప్రాతినిధ్యం వహించడం, ఆతిథ్య ప్రభుత్వంతో సంప్రదింపులు జరపడం, తన పౌరుల ప్రయోజనాలు కాపాడడం దౌత్య కార్యాలయాల విధులని 1961 నాటి వియన్నా ఒడంబడిక చెబుతుంది. చదవడానికి పొడిగా ఉన్నా వీటి ఫలితం మన వంటింటి దాకా వస్తుంది. 2016లో కుదిరిన ఒప్పందం మేరకు మొజాంబిక్ కందులు మన దేశానికి వస్తున్నాయి; బేగంబజారులో మీరు కొనే పప్పులో అవీ ఉండవచ్చు. 2019 మార్చిలో ఇదాయ్ తుఫాను బైరాను ముంచెత్తినప్పుడు మన నౌకాదళపు సుజాత, శార్దూల్ ఓడలు, తీరరక్షక దళపు సారథి సహాయానికి అక్కడికి చేరాయి. అటువంటి వేళ స్థానిక ప్రభుత్వంతో మాట్లాడి పనులు సమన్వయపరచడం కూడా దౌత్య కార్యాలయం బాధ్యతే.

ఇక మీ అబ్బాయి సంగతి. పాస్‌పోర్టు పోతే కొత్తది గాని, తిరుగు ప్రయాణానికి అత్యవసర పత్రం గాని ఇస్తారు. జీతం ఎగ్గొట్టిన యజమానితో మాట్లాడతారు గాని, అతనిచేత బలవంతంగా ఇప్పించే అధికారం వారికి లేదు. అందరూ తెలుసుకోవలసింది అరెస్టు విషయం. విదేశాల్లోని తమ పౌరులకు దేశాలు అందించే సాయం గురించిన 1963 నాటి కాన్సులర్ ఒడంబడిక 36వ అధికరణం ప్రకారం, నిర్బంధంలోకి తీసుకున్న విదేశీయుడికి తన దేశపు కార్యాలయానికి కబురు పంపించమని కోరే హక్కు ఉందని పోలీసులు చెప్పాలి. అయితే అతను కోరితేనే అతని దేశపు కార్యాలయానికి కబురు పంపవలసిన బాధ్యత వారిపై పడుతుంది. కాబట్టి భయంతో మౌనం వహించకుండా "మా హైకమిషన్‌కు తెలియజేయండి" అని అడగమని గట్టిగా చెప్పండి. అధికారులు వచ్చి కలవగలరు, న్యాయవాదిని ఏర్పాటు చేయగలరు. కేసు మాత్రం అక్కడి చట్టం ప్రకారమే నడుస్తుంది, జైలు తలుపులు వారు తెరిపించలేరు.

మపూటో దేశానికి దక్షిణపు కొసన, బైరాకు చాలా దూరాన ఉంది కనుక, అక్కడికి చేరగానే హైకమిషన్‌లో తన వివరాలు నమోదు చేయించుకోవడం మంచిది. ఉద్యోగ ఒప్పందం పోర్చుగీసులో ఉంటే అనువాదం చేయించుకున్నాకే సంతకం చేయమనండి. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో మీరు హైదరాబాదు నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అప్పుడు వెతుక్కోకుండా అతని పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రం నకళ్లు బయలుదేరకముందే తీయించి మీ దగ్గర పెట్టుకోండి.