చూరు కనిపిస్తుంది, గోడ కనిపించదు

పర్లాకిమిడి

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఉపగ్రహం బొమ్మలు నాలుగూ చూశాను. మీద ఎర్రగీత గీసి, "మామయ్యా, చిన్నాన్న పాక మన పెరట్లోకి మూడడుగులు వచ్చేసింది, చూడు" అని రాశావు. రాత్రి పదకొండున్నరకి పంపావంటే నిద్ర పట్టలేదన్నమాట. పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, నీ టెన్షన్‌కి తన టెన్షన్ కూడా కలిపి నాకు అప్పజెప్పింది. చిన్నాన్నతో మాత్రం ఇంకా ఏమీ అనకండి. ఫోన్లో చెబితే సగం మాటలు గాలికి పోతాయి, అందుకే రాస్తున్నాను. ఆదివారం తీరిగ్గా చదువుకో.

అసలు నువ్వు భూనక్షలో, అదే సర్కారువారి ఆన్‌లైన్ భూమి పటంలో, తెరిచిన ప్లాటే మనది కాదు.

ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో పట్టా అంతా ఒడియా లిపిలో ఉంటుంది. ఒడియా నాలుగు అచ్చం ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. మనది 142. నువ్వు దాన్ని 182 అని చదివి, అదే నొక్కావు. అది రామాలయం వెనక వీధిలో ఎవరిదో. సిగ్గుపడకు, ఆమీనుగా, అంటే భూమి కొలిచే ఉద్యోగిగా, పనిచేసినన్నాళ్ళూ ఈ నాలుగు దగ్గర బోల్తా పడిన తెలుగువాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు. ఇంట్లో మాట తెలుగు, కచేరీ కాగితం ఒడియా. నువ్వైతే బడికి కూడా శ్రీకాకుళం వెళ్ళిపోయినదానివి. కాబట్టి నంబరు మళ్ళీ కొట్టి, పేరు మీ నాన్నదో తాతదో సరిచూసుకో. కిసం, అంటే భూమి రకం, అన్నచోట ఘరబారి అని ఉందా చూడు. అంటే ఇంటిజాగా. పెరడు చివర ముక్క వేరే నంబరుతో, వేరే కిసంతో ఉండొచ్చు. మన ఊళ్ళో చాలామందికి అలాగే ఉంది. విస్తీర్ణం డెసిమల్‌లో ఉంటుంది, అది మన సెంటే. గుంట అని ఎవరైనా అంటే మాత్రం ఆగి అడుగు. ఒడిశా గుంట 4 సెంట్లు, మీ ఆఫీసులో తెలంగాణ పిల్ల చెప్పే గుంట రెండున్నర సెంట్లే.

ఇప్పుడు బొమ్మ సంగతి.

ఫోన్‌లో కనిపించేది ఇవాళ్టి మన ఇల్లు కాదు. ఏడాదో రెండేళ్ళో అంతకు మించో పాతది. మొన్న కట్టిన వరండా నీకు కనిపించకపోవడానికి కారణం అదే, ఎవరో పడగొట్టారని మీ అమ్మని భయపెట్టావు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకో. 2015 నుంచి ఉచితమే. అందులో గడియారం గుర్తు నొక్కితే పాత బొమ్మలు తేదీలతో సహా వస్తాయి. తేదీ చూడకుండా ఏ బొమ్మ మీదా గీత గీయకు.

ఇస్రోవాళ్ళ పటాల సైటు భువన్ కూడా ఉంది, 2009లో మొదలైంది. ఊరు, చెరువు, గెడ్డ, జీడితోటలు చూడటానికి బాగుంటుంది. ఇంకా సెంటినెల్, లాండ్‌శాట్ అనే ఉపగ్రహాల బొమ్మలని ఉంటాయి, మీ స్నేహితుడు చెప్పినవి. వాటితో పెరడు చూడాలనుకోవడం వెర్రి. సెంటినెల్‌లో ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. మన ఇల్లూ పెరడూ కలిపి 6 సెంట్లు, మొత్తం రెండు మూడు చుక్కల్లో అయిపోతుంది. లాండ్‌శాట్ చుక్క 30 మీటర్లు, 22 సెంట్లు. అందులో మనతోపాటు అటు ఇటు ఇళ్ళు కూడా కలిసి ఒకే రంగు ముద్ద. వంశధార ఒడ్డు పాతికేళ్ళలో ఎటు జరిగిందో చూడాలంటే మాత్రం అవే మంచివి.

మన ఊళ్ళ వీధులు నీకు తెలుసు కదా. రెండు వరసల ఇళ్ళు, గోడకి గోడ, వెనక పొడుగాటి పెరళ్ళు. పైనుంచి చూస్తే వరస మొత్తం ఒకే ఇంటి కప్పులా ఉంటుంది. ఎవరి ఇల్లు ఎక్కడ ఆగిందో దేవుడికి కూడా తెలియదు. రేకు తెల్లగా మెరుస్తుంది, పెంకు ఎర్రగా, కమ్మలు బూడిద రంగులో ఉంటాయి, వాటినిబట్టే గుర్తుపట్టాలి. పైగా నీకు కనిపించేది చూరు. గోడ కాదు. చూరు గోడని దాటి ఒక అడుగో రెండడుగులో ముందుకు వస్తుంది. చిన్నాన్న పాకకి కమ్మల చూరు, అది ఇంకా కిందికీ బయటికీ సాగి ఉంటుంది. చూరు నీళ్ళు మన వైపు పడుతున్నాయా అన్నది వేరే తగువు, కావాలంటే వానాకాలంలో పెట్టుకుందాం.

నువ్వు పాక అంచు అనుకున్న ఆ నల్లటి పట్టీ ఉంది చూడు, దాన్ని పెద్దది చేసి మళ్ళీ చూడు. అందులో సగానికి పైగా నీడే. ఈ బొమ్మలు తీసే ఉపగ్రహాలు చాలామట్టుకు పొద్దున్న పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతాయి. నీ బొమ్మ జనవరిది. ఆ నెలలో ఆ వేళకి ఎండ ఆగ్నేయం వైపు నుంచి ఏటవాలుగా పడుతుంది, మనిషి ఎత్తు ఎంతో నీడా దాదాపు అంతే. చిన్నాన్న జాగా మనకి దక్షిణాన ఉంది. నీడ ఉత్తరానికి, కొంచెం పడమరకి ఒరిగి, సరిగ్గా మన పెరట్లో పడుతుంది. ఆరడుగుల చూరు నీడ ఐదడుగులకు పైనే మన వైపు వస్తుంది. అదే చోటు మే నెల బొమ్మ దొరికితే పక్కన పెట్టి చూడు, నీడ పాక కిందకే ముడుచుకుపోతుంది. పాకని మేలో చూడాలి, ప్రహరీ ఎత్తు ఎంతో తెలియాలంటే జనవరిలో చూడాలి. మే నెలలో ఇంకో లాభం కూడా ఉంది. పాదులు ఎండిపోయి కంచె గీత, బావి నోరు, గట్లు అన్నీ బయటపడతాయి. చిక్కుడు పందిరి పచ్చగా ఉన్న రోజుల్లో తీసిన బొమ్మలో పందిరే పెరడు అనిపిస్తుంది.

కెమెరా ఎప్పుడూ నిట్టనిలువుగా చూడదని కూడా గుర్తుంచుకో. కాస్త పక్కకి వాలి తీస్తుంది. ఎత్తుగా ఉన్నవి ఒక పక్కకి ఒరిగినట్టు వస్తాయి, కొబ్బరిచెట్టు తల ఒకచోట, మొదలు ఇంకోచోట. అందుకని కొలతకి నేలమట్టంలో ఉన్నవే పట్టుకోవాలి.

కిందటేటి బొమ్మ, ఐదేళ్ళ కిందటి బొమ్మ మార్చి మార్చి వేసి "కంచె కదిలింది" అన్నావు. కంచె ఒక్కటేనా? బావి కూడా కదిలింది చూశావా? రామాలయం గోపురం కూడా కదిలింది. ఏటేటి బొమ్మని భూమి మీద అతికించేటప్పుడు కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. అందుకని నేను చేసేది ఇది. ఒకే బొమ్మలో, బావి నడిమధ్య నుంచి కంచెకి ఎంత దూరమో కొలుస్తాను. ఇంకో ఏడాది బొమ్మలో మళ్ళీ బావి నుంచే కొలుస్తాను. బొమ్మ మొత్తం జరిగినా ఈ దూరం జరగదు. బావి ఎవరి మాటా వినదు కదా.

దీన్ని నేను నిన్న మా మనవడి కంప్యూటర్‌లో చేసి చూశాను, మన జాగా మీదే. తాతగారి పెట్టెలో తెలుగు దస్తావేజు ఒకటుంది. 1936లో ఒడిశా ఏర్పడకముందు మన ఊళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, అప్పటిది. చెక్కుబందీలో, అంటే నాలుగు హద్దులూ రాసే చోట, దక్షిణం హద్దు "కొబ్బరిచెట్ల వరుస" అని రాసి ఉంది. చెట్టు చచ్చినచోటే మళ్ళీ నాటుతూ వచ్చారు. నీకు ఆ వరస గుర్తుండే ఉంటుంది, ఊయల కట్టింది దానికే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో వాటిని ఊడ్చేసింది. గజపతి జిల్లా అంతటా అదే కథ. అప్పటినుంచి ఆ పక్కన హద్దుకి ఆనవాలు లేదు, చిన్నాన్న పాక వేసింది కూడా ఆ తర్వాతే. కానీ తుపానుకి ముందరి బొమ్మలో ఆ చెట్లు ఉన్నాయి అమ్మలూ. ఆకుపచ్చ నక్షత్రాలు గీసినట్టు ఏడు తలలు, తిన్నగా ఒకే వరసలో. తర్వాతి బొమ్మలో ఒక్కటీ లేదు. చూసి కాసేపు కదల్లేకపోయాను.

బావి నుంచి ఆ వరసకి 14 అడుగులు వచ్చింది. కొత్త బొమ్మలో, నీడ తీసేసి, బావి నుంచి పాక చూరుకి 13. అడుగు తేడా. ఇందులో చెట్ల ఒరుగు ఎంత, చూరు ఎంత, నా చెయ్యి వణుకు ఎంత? పాక గోడ చిన్నాన్న వైపే అడుగు లోపల ఉండొచ్చు, అరడుగు మన వైపుకి ఉండనూవచ్చు. మూడడుగులు మాత్రం కాదు.

అడుగు గొప్పేమిటి అంటావేమో. మన జాగా 20 అడుగుల వెడల్పు, 130 అడుగుల పొడవు. వెడల్పులో మీటరు తేడా వస్తే 6 సెంట్లలో దాదాపు సెంటు పోయినట్టు కనిపిస్తుంది. నువ్వు తెరమీద చుట్టూ గీత లాగి "5 సెంట్లే ఉంది" అన్నది అలా వచ్చిందే.

భూనక్ష గీతలని ఫొటో మీద పరిచి చూసుకోవచ్చు కదా అని కూడా అడిగావు. ఆ గీతలు పాత కాగితం నక్షాలోవి. మైలుకి 16 అంగుళాల లెక్కన గీసినవి. ఆ కాగితం మీద అర మిల్లీమీటరు మందం గీత, నేల మీద 2 మీటర్లు. పెన్సిల్ కాస్త మొద్దుగా ఉంటే చాలు, ఒక పాక అందులో పడుతుంది. కాగితం వానకి ఉబ్బి, ఎండకి ముడుచుకున్నది వేరే.

ఫోన్ పట్టుకుని మూల మూలకీ నడిచి చుక్కలు పెడతానన్నావు. ఇది నా నోటితోనే చెప్పాలి. రిటైరయ్యాక పాతపట్నం రోడ్డులో మా మామిడితోటకి నేను అదే చేశాను. ముప్పయ్యేళ్ళు గొలుసు లాగినవాణ్ణి, కొత్త ఫోన్ మోజులో, మామిడి నీడలో నిలబడి చుక్క పెట్టి అక్కడే రెండు సిమెంటు స్తంభాలు పాతించాను. ఒకటి పక్కవాళ్ళ జాగాలో మూడు మీటర్లు లోపలికి పడింది. ఆయన మంచివాడు కనక నవ్వి ఊరుకున్నాడు, మీ అత్త ఇప్పటికీ ఊరుకోలేదు. ఆరుబయట ఉంటే ఫోన్ ఐదు మీటర్ల లోపల చెబుతుంది, చెట్ల కింద అదీ లేదు. అక్షాంశ రేఖాంశాల అంకెలు చుక్క తర్వాత ఆరు స్థానాలు చూపిస్తుంది, నమ్మబుద్ధేస్తుంది. ఐదో స్థానం ఒకటి మారితేనే నేల మీద మీటరు.

డ్రోన్ వద్దు. పెళ్ళిళ్ళకి తీసే కుర్రాడు ఉన్నాడని చెప్పావు. ఒక్క ఫొటో అంచుల్లో వంగి వస్తుంది, దాంతో కొలతలు రావు. అన్నిటికన్నా ముఖ్యం, పెరళ్ళలో ఆడవాళ్ళు నీళ్ళు పోసుకునే వేళ ఎవరో పైన గుయ్యిమంటూ తిప్పితే వీధి వీధంతా మన మీదికి వస్తుంది. ఇంటిజాగాలకి డ్రోన్‌తో నక్షాలు తీసే స్వామిత్వ పథకం 2020లో కేంద్రం పెట్టింది. అందులో కూడా పైకి ఎగరేసే ముందు ఊళ్ళో అందర్నీ పిలిచి, హద్దుల వెంట సున్నం గీతలు గీయిస్తారు. మనిషి వేలు పెట్టి చూపించనిదే పైనున్న కెమెరాకి హద్దు తెలియదు.

కాబట్టి చేయవలసింది చెబుతాను. తుపానుకి ముందరి బొమ్మ ఒకటి, మే నెల బొమ్మ ఒకటి, తేదీ కనిపించేలా పెద్ద కాగితం మీద రంగుల్లో ప్రింటు తీయించు. గీతలు ఏమీ గీయకు, ఎర్రవైతే అసలు వద్దు. సంక్రాంతికి రా. కనుమ మర్నాడు పొద్దున్న నేనూ, నువ్వూ, చిన్నాన్న ముగ్గురం పెరట్లో నిలబడదాం. కాగితం ఆయన చేతికే ఇవ్వు. "బాబాయ్, మన కొబ్బరిచెట్లు ఎలా ఉండేవో చూడు" అను, పాక మాట ఎత్తకు. ఆయనా ఆ చెట్ల కిందే పెరిగాడు. ఎక్కడెక్కడ ఉండేవో తనే వేలు పెట్టి చూపిస్తాడు. అక్కడ గునపంతో రెండు జానలు తవ్విద్దాం. కొబ్బరి మొద్దు అంత తొందరగా మట్టిలో కలవదు, వేళ్ళ కుచ్చు తగులుతుంది. రెండు దొరికినా చాలు, తాడు కట్టేయొచ్చు.

అప్పటికీ ఒప్పుకోకపోతే తహసీల్దారు కచేరీలో హద్దుల కొలతకి దరఖాస్తు పెడదాం. ఆమీను వచ్చి ఇరుగుపొరుగుల ఎదుటే కొలుస్తాడు. నువ్వు ప్రింటు తీసిన బొమ్మలు అక్కడ రుజువు అని చూపించకు, కొలత ఎక్కడినుంచి మొదలుపెట్టాలో అడిగితే మాత్రం బయటికి తీయి. ఆ దరఖాస్తు ఇప్పుడే రాసి పెట్టుకుందామని మీ అమ్మ అంటోంది. నేను వద్దన్నాను. చిన్నాన్న చెవిన పడితే గునపం కాదు కదా, కాఫీ కూడా దొరకదు.

అత్త నీకోసం జీడిపప్పు తీసి పెట్టింది. వచ్చేటప్పుడు 30 మీటర్ల టేపు ఒకటి కొనుక్కురా. నా దగ్గరున్నదానికి మొదటి రెండడుగులూ ఎలుక కొట్టేసింది, కొలిచిన ప్రతిసారీ రెండు తీసేయడం మర్చిపోతున్నాను.

మీ మామయ్య