కవరు చించి చదువమ్మా

చిరంజీవి అమ్మడుకి,

పెదనాన్న దీవెనలు. నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్పినవి తెల్లారేసరికి సగం మర్చిపోతారు మీరిద్దరూ. అందుకే కూర్చుని రాస్తున్నాను, అల్లుడికి కూడా చదివి వినిపించు.

ముందు టెన్షన్ తగ్గించుకో. ఉత్తరంలో 'టాక్స్ సేల్ సర్టిఫికెట్' అన్న మాట చూసి న్యూజెర్సీ ఇల్లు అమ్మేశారనుకున్నారు. ఇల్లు అమ్మలేదు. అమ్మింది మీ బాకీని. మీరు కట్టని ఇంటి పన్ను ఎవరో ఆ ఊరి మున్సిపాలిటీకి కట్టేశాడు, ఆ పన్ను మీ దగ్గర రాబట్టుకునే హక్కు అతనికి వచ్చింది. దాన్నే లీన్ అంటారు. ఇల్లు ఇప్పటికీ మీ పేరునే ఉంది, అద్దె మీకే వస్తుంది. ఇది తీరే లోపల ఇల్లు అమ్మబోతే మాత్రం ముందు ఆ బాకీ తీర్చమంటారు.

ఇంతదాకా ఎలా వచ్చిందంటే, పోయిన ఏడాది లోన్ మొత్తం తీర్చేసి సంబరపడ్డారు కదా, ఆ రోజుతోనే ఎస్క్రో ఖాతా, అంటే కిస్తీతోపాటు పన్ను డబ్బు కూడా బ్యాంకు తీసి పెట్టే ఖాతా, మూతపడింది. అప్పటిదాకా మీ తరఫున బ్యాంకు పన్ను కట్టేది. మీ మీద ప్రేమతో కాదమ్మా. పన్ను బాకీ తాకట్టు అప్పు కంటే ముందు వరసలో ఉంటుంది. పన్ను కింద ఇల్లు పోతే బ్యాంకు తాకట్టు కూడా దాంతోపాటే పోతుంది. ఆ భయంతో కట్టేది. లోన్ తీరాక దానికి భయం లేదు, మీకు గుర్తు లేదు.

న్యూజెర్సీలో ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తేదీల్లో పన్ను కట్టాలి. చాలా ఊళ్ళు ఓ 10 రోజులు ఆగుతాయి. ఆ 10 రోజులు దాటి కడితే వడ్డీ ఒకటో తేదీ నుంచే లెక్కేస్తారు. బాకీలో మొదటి 1,500 డాలర్లకు 8 శాతం, ఆపైన దానికి 18 శాతం దాకా వేయొచ్చు. బిల్లు మాకు అందలేదండీ అంటే కుదరదు. బిల్లు వచ్చినా రాకపోయినా పన్ను పన్నే.

నిన్ను తిట్టే అర్హత నాకు లేదులే. మేం కొత్త ఇంట్లో చేరిన ఏడు మొదట వచ్చిన బిల్లులన్నీ ఖాళీ స్థలానివే. ఇల్లు పూర్తయ్యాక దాని విలువ కలిపి అక్టోబరులో ఇంకో బిల్లు పంపుతారు, 'యాడెడ్ అసెస్‌మెంట్' అంటారు, అది నవంబరు ఒకటికి కట్టాలి. అది బ్యాంకుకు వెళ్ళలేదు, నాకు వచ్చింది. బ్యాంకు చూసుకుంటుందిలే అని డ్రాయర్లో పడేశాను. మరుసటి ఏడు గుడిలో ఒకాయన "మీ పేరు పేపర్లో పడిందండీ" అన్నాడు. ఏ విరాళాల జాబితాలోనో అనుకుని కాస్త పొంగిపోయాను కూడా. చూస్తే పన్ను ఎగ్గొట్టినవాళ్ళ వేలం ప్రకటన! మీ పెద్దమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. వేలానికి ముందే పరుగెత్తుకెళ్ళి కట్టేశాను కాబట్టి సరిపోయింది. మీకు ఆ అవకాశం దాటిపోయింది.

ఇక ఆ వేలం సంగతి. మన ఊళ్ళలో వేలం పాట అంటే ధర పెరుగుతూ పోతుంది కదా. ఇక్కడ తిరగబడిన పాట. మీ బాకీ కట్టేవాడికి ఎంత వడ్డీ కావాలో అడుగుతారు. 18 శాతం దగ్గర మొదలుపెట్టి కిందికి పాడతారు, ఎవరు తక్కువకి ఒప్పుకుంటే వాళ్ళకి సర్టిఫికెట్. పోటీ ఉన్నచోట అది సున్నాకి దిగిపోతుంది. అక్కడితో ఆగరు, ఊరికి ఎదురు డబ్బు ఇస్తామని ప్రీమియం పాడతారు. వడ్డీ సున్నాకి తీసుకుని, పైగా ఎదురు డబ్బిచ్చేవాడు పిచ్చివాడా అని నువ్వు అడగొచ్చు. కాదు. మీరు విడిపించుకుంటే ఆ ప్రీమియం అతనికి వెనక్కి వస్తుంది. అతని ఆశ వేరే చోట ఉంది. ఆ తర్వాత కూడా మీరు పన్ను కట్టకపోతే, ప్రతి మూడు నెలల బిల్లూ అతను కట్టి మీ ఖాతాలో కలుపుకోవచ్చు. దానికి సున్నా వడ్డీ కాదు, ఊరు వేసే వడ్డీయే, 18 శాతం దాకా పడుతుంది. అంటే మీ మతిమరుపు మీద అతను పెట్టుబడి పెట్టాడన్నమాట. అతను మీకు రోజూ ఫోన్ చేసి డబ్బు కట్టమని అడగడు. మీరు ఎంత ఆలస్యం చేస్తే అతనికి అంత లాభం.

అందుకే చెప్తున్నాను, ఎవరూ తలుపు తట్టడం లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. సర్టిఫికెట్ బయటివాడు కొంటే వేలం రోజు నుంచి రెండేళ్ళు ఆగాలి, ఆ తర్వాత ఇల్లు తన పేరుకి రాబట్టుకునే ఫోర్‌క్లోజర్ కేసు వేయొచ్చు. కొనేవాడు లేక ఊరి దగ్గరే మిగిలిపోతే ఆరు నెలలే. పాడుపడిన ఇల్లని ఊరు తేల్చిందంటే ఆ గడువు కూడా ఉండదు. కాబట్టి అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తే ఇల్లు అలా వదిలేయకండి. కేసు పడ్డాక కూడా కోర్టు చివరి తీర్పు ఇచ్చేదాకా డబ్బు కట్టి విడిపించుకోవచ్చు, కాకపోతే అప్పటికి అతని లాయరు ఖర్చులు కూడా మీ నెత్తినే పడతాయి.

రేపు పొద్దున చేయాల్సిన పని ఒకటే. ఆ ఊరి టాక్స్ కలెక్టర్ ఆఫీసుకు ఫోన్ చేసి, సర్టిఫికెట్ నంబరు చెప్పి, ఫలానా తేదీకి విడిపించుకోవడానికి ఎంత కట్టాలో రాసి పంపమని అడుగు. 'రిడెంప్షన్' అంటే వాళ్ళకి అర్థమవుతుంది. మీరు రెండు విడతలు ఎగ్గొట్టారు, ఒక్కోటి 3,000 చొప్పున 6,000, వడ్డీ కలిస్తే ఓ 6,400 అనుకో. సర్టిఫికెట్ 5,000 దాటి 10,000 లోపు ఉంటే దాని మీద 4 శాతం అపరాధ రుసుము, అంటే 256 డాలర్లు. 10,000 దాటితే 6 శాతం అవుతుంది. వాళ్ళు చెప్పిన అంకెను క్యాషియర్స్ చెక్కుగా, అంటే బ్యాంకే హామీగా ఇచ్చే చెక్కుగా కట్టండి. మామూలు చెక్కు తీసుకోకపోవచ్చు. సర్టిఫికెట్ కొన్నవాడికి నేరుగా ఒక్క డాలరు కూడా పంపొద్దు, డబ్బు కలెక్టర్ ఆఫీసు ద్వారానే వెళ్ళాలి. కట్టాక ఆ సర్టిఫికెట్ కౌంటీ రికార్డులో నమోదై ఉంటే రద్దయిందో లేదో కూడా చూసుకోండి.

ఇప్పుడు అంత చేతిలో లేకపోతే, కనీసం ఇకమీద వచ్చే విడతలైనా సమయానికి మీరే కట్టండి. పాత లీన్ ఉన్నా కొత్త పన్ను కట్టొచ్చు. మీరు కట్టేస్తే అతను కట్టి కలుపుకోవడానికి ఏమీ మిగలదు. చేబదులు కావాలంటే నన్ను అడుగు, మొహమాటపడకు. క్రెడిట్ కార్డు జోలికి మాత్రం పోకండి. "మీ ఇల్లు కాపాడతాం, ఇక్కడ సంతకం పెట్టండి" అని ఎవరైనా వస్తే వాళ్ళు చూపించేది ఇంటి దస్తావేజు అయి ఉంటుంది. వాకిట్లోంచే పంపించేయండి.

సర్టిఫైడ్ పోస్టుకు సంతకం పెట్టాలా అని అడిగావు. పెట్టు. తీసుకోకపోతే నోటీసు అందనట్టేనని మనవాళ్ళలో ఒక భ్రమ ఉంది. 2006లో జోన్స్ వర్సెస్ ఫ్లవర్స్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, ఉత్తరం తిరిగొస్తే ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోకూడదు, మామూలు పోస్టులో పంపడమో తలుపుకి అంటించడమో చేయాలంది. అది ప్రభుత్వానికి చెప్పిన మాట. మన గడువు మాత్రం ఆగదు. ఈలోగా ఆ ఆఫీసులో మీ డాలస్ చిరునామా రాయించు.

ఇల్లు పోతే, బాకీ పోను దాని విలువలో మిగిలే మిగులు మాటేమిటని అల్లుడు అడిగాడట. మినియాపొలిస్‌లో జెరల్డీన్ టైలర్ అనే ముసలావిడ కాండోకి వడ్డీ, జరిమానాలతో 15,000 డాలర్ల బాకీ పడింది. కౌంటీ దాన్ని 40,000కి అమ్మి మొత్తం ఉంచేసుకుంది. 2023 మేలో సుప్రీం కోర్టు జడ్జీలందరూ ఒక్క మాట మీద ఆ మిగులు ఉంచుకోవడం చెల్లదన్నారు. అప్పటికి ఆవిడ వయసు 94. ఆ తీర్పు తర్వాత 2024లో న్యూజెర్సీ తన చట్టం మార్చింది. ఇల్లు వేలం వేయించి మిగులు ఇప్పించమని యజమాని కోర్టును అడిగే వీలుంది. గడువులోగా అడగాలి. అసలు అంతదాకా పోనిస్తే మీరు నా పిల్లలే కాదు.

టెక్సస్ ఇంటికి ఈ పద్ధతులు వర్తించవు, అక్కడ లీన్లు వేలం వేయరు. జనవరి 31 దాటితే మొదటి నెలలోనే జరిమానా 6, వడ్డీ 1 శాతం. జూలై వచ్చేసరికి జరిమానా ఒక్కటే 12కి చేరుతుంది, లాయరు రుసుము ఇంకో 20 శాతం దాకా పడొచ్చు. కోర్టులో దావా వేసి నెల మొదటి మంగళవారం ఏకంగా ఇంటినే వేలం వేస్తారు. ఆ ఇంటికి ఎస్క్రో ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

అద్దెవాళ్ళు పంపిన కవర్లలో ఇంకా తెరవనివి మూడున్నాయన్నావు. ఈ రాత్రికే చించి, ప్రతి కాగితం రెండు వైపులా ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. కలెక్టర్ చెప్పిన అంకె కూడా పంపు, లెక్క నేను చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న