ఇంటి పనంతా చేస్తున్నా బరువెందుకు తగ్గడం లేదు?

రోజంతా ఇంటి పని చేస్తున్నా, అన్నం తగ్గించినా నడుము దగ్గర కొవ్వు కరగడం లేదని అడిగారు. అన్నం ఒక్కటే తగ్గిస్తే చాలదండీ, నూనె లెక్క కూడా చూడండి. గ్రాము నూనెకు 9 కేలరీలు. కూరలో ఒంపేసే 2 టేబుల్‌స్పూన్లే దాదాపు 250. సాయంత్రం మన వైజాగ్ బీచ్‌లో తినే మిరపకాయ బజ్జీలు అదనం.

తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు కదా, అప్పుడు అరగంట గట్టిగా నడవండి, వారానికి 5 రోజులు. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. పప్పు, గుడ్డు, చేపల పులుసు మానకండి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా తగ్గిపోతుంది. రాత్రి భోజనం పూర్తిగా మానేయడం మాత్రం నాకసలు నచ్చదు.

నెలసరి తప్పుతున్నా, విపరీతమైన నీరసం ఉన్నా ముందు డాక్టర్ని కలిసి థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల సమస్య) పరీక్షలు చేయించుకోండి.