మావోయిస్టులకు డబ్బిచ్చాడని శిక్ష పడింది... అప్పీలుకు దారేది?

ప్రశ్న: మా అన్నయ్య ఏజెన్సీ ప్రాంతంలో రోడ్డు పనులు చేసే చిన్న కాంట్రాక్టరు. మావోయిస్టులకు రెండు విడతలుగా డబ్బిచ్చాడని, వారితో కలిసి కుట్ర పన్నాడని జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) కేసు పెట్టింది. ప్రత్యేక కోర్టు చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (యూఏపీఏ) 17 (ఉగ్రవాద చర్యకు నిధులు), 18 (కుట్ర), 40 (ఉగ్రవాద సంస్థకు నిధులు) సెక్షన్లతో పాటు ఐపీసీ 120-బి (నేరపూరిత కుట్ర) కింద ఏడేళ్ల శిక్ష వేసింది. తీర్పు వచ్చి 40 రోజులైంది. అరెస్టయిన నాటి నుంచి మూడేళ్లకు పైగా జైల్లోనే ఉన్నాడు. ‘ఇవ్వకపోతే యంత్రాలు తగలబెడతామన్నారు, అందుకే ఇచ్చాను’ అంటాడు. అప్పీలుకు 60 రోజుల గడువుందని ఒకరు, అప్పీలు వేస్తే శిక్ష పెంచుతారని మరొకరు చెబుతున్నారు. మేమేం చేయాలి?
– ఒక సోదరి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: మిగతా మాటలన్నీ తర్వాత. ఈ వారంలోనే అప్పీలు దాఖలయ్యేలా చూడండి. 60 రోజుల గడువు మామూలు సెషన్స్ కేసుల్లో హైకోర్టుకు వెళ్లేవారికి. మీ అన్నయ్యకు వర్తించేది ఎన్‌ఐఏ చట్టం సెక్షన్ 21. దాని ప్రకారం గడువు 30 రోజులే. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం హైకోర్టుకు ఉంది కానీ, 90 రోజులు దాటితే అప్పీలు స్వీకరించరాదని చట్టంలోనే రాసి ఉంది. ఈ 90 రోజుల గీత దాటకూడనిదేనా అన్న విషయంలో హైకోర్టులు చీలిపోయాయి. కేరళ హైకోర్టు దాటకూడదంది, ఢిల్లీ, బొంబాయి హైకోర్టులు ఉదారంగా చూశాయి. నిందితులు, బాధితులు వేసే అప్పీళ్లను ఈ ఒక్క కారణంతో కొట్టివేయవద్దని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. అది మధ్యంతర ఆదేశం మాత్రమే కనుక దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

మీరు ఇంకా 90 రోజుల లోపే ఉన్నారు. తీర్పు ధ్రువీకృత నకలు కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది సిద్ధమయ్యే వరకు పట్టిన రోజులు గడువు లెక్కలోంచి పోతాయి. నకలు వెనుక వేసే ముద్రలో దరఖాస్తు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ ఉంటాయి. ఆ ముద్ర స్పష్టంగా పడిందో లేదో అక్కడే చూసుకోండి. మిగిలిన ఆలస్యానికి విడిగా పిటిషన్, అఫిడవిట్ వేయాలి. ‘మాకు తెలియక’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా ఏ రోజు ఏం జరిగిందో రాయించండి. వకాలత్‌పై (లాయరును పెట్టుకుంటున్నట్టు ఇచ్చే పత్రం) మీ అన్నయ్య సంతకం జైలు అధికారి ధ్రువీకరణతో రావాలి. అక్కడే నాలుగైదు రోజులు పోతాయి కాబట్టి ఆ కాగితం ముందు పంపండి. లాయరు ఫీజు భరించలేకపోతే హైకోర్టు న్యాయసేవల కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

శిక్ష పెరుగుతుందన్న భయం వదిలేయండి. దోషి తనంతట తాను వేసుకున్న అప్పీలులో హైకోర్టు శిక్ష తగ్గించగలదు, రద్దు చేయగలదు, పెంచలేదు. పెంచాలంటే ప్రభుత్వం వేరే అప్పీలు వేయాలి, మీ అన్నయ్యకు నోటీసు ఇచ్చి ఆయన వాదన వినాలి. ఒక్కటి మాత్రం కనుక్కోండి. విచారణలో ఆయన నేరం ఒప్పుకున్నాడా? ఒప్పుకుని ఉంటే సాధారణంగా శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంత వరకే అప్పీలు ఉంటుంది. ‘ఒప్పుకుంటే త్వరగా బయటపడతావు’ అని జైల్లో తోటి ఖైదీలిచ్చే సలహా ఎంత ఖరీదైనదో చాలా కుటుంబాలకు తర్వాత గానీ తెలియదు.

ఇక అసలు విషయం. డబ్బు ఇవ్వలేదని ఇప్పుడు బుకాయిస్తే అప్పీలు నీరుగారిపోతుంది. ఆయనే ఇచ్చానంటున్నాడు కదా. ఎందుకిచ్చాడు, ఏం తెలిసి ఇచ్చాడు అన్న దాని మీదే వాదన నడవాలి.

‘బెదిరింపుతో ఇచ్చాడు’ అనగానే కేసు పోతుందని మీరు అనుకుంటున్నారు. పోదు. ఐపీసీ సెక్షన్ 94 ప్రకారం బెదిరింపు రక్షణగా పనికిరావాలంటే, అప్పటికప్పుడు ప్రాణం పోతుందన్న భయం ఉండాలి. యంత్రాలు కాలుస్తామన్న బెదిరింపు ఆ కొలతకు అందదు. అదే వాస్తవాన్ని మరో రూపంలో వాడుకోవాలి. సెక్షన్ 40 ప్రకారం నేరం కావాలంటే ఆ సంస్థ కార్యకలాపాలను ముందుకు తీసుకువెళ్లాలన్న ఉద్దేశంతో డబ్బు ఇచ్చి ఉండాలి. తన పొక్లెయినర్ కాలిపోకూడదని ఇచ్చినవాడికి ఆ ఉద్దేశం ఎక్కడిది? ఝార్ఖండ్‌లో బొగ్గు రవాణా వ్యాపారి సుదేశ్ కేడియా కేసులో, బలవంతపు వసూళ్లకు లొంగి డబ్బు చెల్లించడం ఉగ్రవాదానికి నిధులివ్వడం కిందికి రాదని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కేసుకు ఇది చాలా దగ్గరి తీర్పు. అది బెయిలు దశలో అన్న మాటేనని ఎన్‌ఐఏ తరఫు న్యాయవాది తప్పకుండా అంటారు. అందులో నిజముంది. అయినా ఆ తర్కం అప్పీలులోనూ నిలబడుతుందని నా అభిప్రాయం.

సెక్షన్ 17 దగ్గర దారి ఇంకా ఇరుకు. అక్కడ ఉద్దేశం అక్కర్లేదు. ఆ డబ్బు ఉగ్రవాద చర్యకు వాడే అవకాశముందని తెలిసి ఇస్తే చాలు, నిజంగా వాడారా లేదా అన్నదానితో పనిలేదు. ‘మావోయిస్టులు ఆ డబ్బుతో ఏం కొంటారో ఏజెన్సీలో ఎవరికి తెలియదు?’ అని న్యాయమూర్తి అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు రికార్డులో ఉండాలి. అప్పట్లో పోలీసులకు ఫిర్యాదు చేశాడా? ఆ దారిలో ఇతర కాంట్రాక్టర్ల యంత్రాలు కాలినట్టు ఎఫ్‌ఐఆర్‌లు ఉన్నాయా? వాటిని విచారణలో దాఖలు చేయకపోయి ఉంటే, అదనపు సాక్ష్యం తీసుకోమని హైకోర్టును కోరవచ్చు. తేలిగ్గా ఒప్పుకోరు, కానీ ప్రభుత్వ రికార్డు అయితే ఆశ ఉంటుంది.

ఈ రెండు సెక్షన్ల తేడా ఇంత సాగదీసి చెప్పడానికి కారణముంది. 17, 18 సెక్షన్లకు కనీస శిక్ష అయిదేళ్లు. అవి నిలిచినంత వరకు హైకోర్టు కూడా అంతకన్నా దిగలేదు. సెక్షన్ 40కి గరిష్ఠం 14 ఏళ్లు గానీ కనీస శిక్ష లేదు, జరిమానాతో సరిపెట్టవచ్చు కూడా. 17, 18, 120-బి పోయి 40 ఒక్కటే మిగిలినా, అనుభవించిన శిక్ష చాలని ఆయన్ను విడిచిపెట్టే వీలుంది. పూర్తి నిర్దోషిగా తేలాలనే పట్టుదలలో ఈ ప్రత్యామ్నాయ వాదనను లాయర్లు ఒక్కోసారి రాయనే రాయరు. మీ లాయరు రాశారో లేదో అడిగి తెలుసుకోండి.

కుట్ర సంగతి కొంత తేలిక. కుట్రకు ఇద్దరి మధ్య ఒప్పందం ఉండాలి. పరిచయం, కలుసుకోవడం, విషయం తెలిసి ఉండటం ఒప్పందం కావు. కుట్ర అభియోగమున్న పెద్ద కేసుల్లోనూ పై కోర్టులు చాలామందిని వదిలాయి. రాజీవ్ గాంధీ హత్య కేసులో ప్రత్యేక కోర్టు 26 మందికీ మరణశిక్ష వేస్తే, 1999 మేలో సుప్రీంకోర్టు 19 మందిని విడిచిపెట్టింది. పార్లమెంటుపై దాడి కేసులో మరణశిక్ష పడిన గిలానీని ఢిల్లీ హైకోర్టు 2003లో నిర్దోషిగా వదిలింది, 2005లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. మీ అన్నయ్యతో పాటు కుట్రదారులన్నవారిలో ఎవరైనా విడుదలయ్యారేమో తీర్పులో చూడండి. అందరూ విడుదలై ఈయనొక్కడే మిగిలితే ఎవరితో కుట్ర చేసినట్టు?

సాక్ష్యం దగ్గరకు వస్తే, ఇలాంటి కేసుల్లో తరచూ కనిపించేది స్వాధీనం చేసుకున్న డైరీ. ఒక పేజీలో పొట్టి పేరు, పక్కన అంకె. ఆ పొట్టి పేరు మీ అన్నయ్యదేనని ఎవరు చెప్పారు? రాత ఎవరిదో నిపుణుడు తేల్చాడా? డైరీల్లోని పేర్లను బట్టి రాజకీయ నాయకులపై పెట్టిన జైన్ హవాలా కేసులో, 1998లో, విడి కాగితాలు లెక్కల పుస్తకం కావని, పుస్తకంలోని పద్దు కూడా ఒంటరిగా ఎవరి మెడకూ చుట్టదని సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టయ్యాక సహనిందితుడు పోలీసులకు చెప్పిన మాట సాక్ష్యం కాదు. ఫోన్, పెన్‌డ్రైవ్ సమాచారానికి చట్టప్రకారం సర్టిఫికెట్ ఉందో లేదో, మధ్యవర్తుల నివేదికపై (పంచనామా) సంతకం చేసిన సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏమన్నాడో చూడాలి. వాంగ్మూలాలన్నీ తెప్పించండి. తీర్పు ఒక్కటే చదివి అప్పీలు రాసే లాయరు దగ్గర మీ ఫైలు ఉంచకండి.

యూఏపీఏ సెక్షన్ 45 కింద ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలి. అంతకుముందు స్వతంత్ర అధికారి ఒకరు సాక్ష్యాన్ని సమీక్షించాలి, ఇద్దరికీ చెరి ఏడు పనిదినాల గడువు. ఆ గడువు తప్పనిసరి అని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది గానీ, దాన్ని అప్పటి నుంచి ముందుకే వర్తింపజేసింది, అభ్యంతరం తొలి దశలోనే చెప్పాలని కూడా అంది. కాబట్టి మీ కేసులో తేదీల మీద కన్నా, అనుమతి ఇచ్చినవారు బుర్ర పెట్టి చూశారా అన్న దాని మీద వాదన బలంగా ఉంటుంది. అక్షరధామ్ ఆలయంపై దాడి కేసులో 2014లో ఆరుగురినీ విడుదల చేసిన సుప్రీంకోర్టు అనుమతిలో ఈ లోపాన్ని కూడా ఎత్తి చూపింది.

అప్పీలు మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ‘వీలైనంత వరకు’ అన్న మాటతో. అమలాపురం వాడైన ప్రొఫెసర్ సాయిబాబాకు మావోయిస్టులతో సంబంధాల కేసులో 2017 మార్చిలో యావజ్జీవం పడింది. 2022 అక్టోబరులో బొంబాయి హైకోర్టు విడుదల చేస్తే మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. తిరిగి విచారించి 2024 మార్చిలో మళ్లీ నిర్దోషి అనేసరికి ఏడేళ్లు గడిచాయి. ఆయనతో శిక్ష పడ్డ పాండు నరోటే తీర్పు వినకుండానే 2022లో ఖైదీగానే చనిపోయాడు. ప్రతి అప్పీలూ గెలుస్తుందనీ కాదు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో అయిదుగురి మరణశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖాయం చేసింది.

అందుకే అప్పీలుతో పాటే శిక్ష నిలుపుదల పిటిషన్ వేయించండి. ఇప్పుడది సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 430, పాత సీఆర్‌పీసీలో 389. ప్రభుత్వ న్యాయవాదికి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే వింటారు. ఏడేళ్లలో మూడేళ్లకు పైగా గడిచిందని, అప్పీలు త్వరలో విచారణకు రాకపోతే శిక్షే పూర్తయిపోతుందని చూపాలి. పరిమిత కాలపు శిక్షల్లో నిలుపుదలను ఉదారంగా పరిశీలించాలని 1999 నుంచీ సుప్రీంకోర్టు మాట ఉంది, ఉగ్రవాద కేసుల్లో మాత్రం కోర్టులు చేయి బిగిస్తాయి. రిమాండులో గడిపిన కాలం శిక్షలోంచి మినహాయించారో లేదో తీర్పు చివరి పేజీల్లో చూడండి. జరిమానా నిలుపుదల కూడా అదే పిటిషన్‌లో అడగండి. లారీ, పొక్లెయినర్ వంటివి జప్తు చేస్తూ వేరే ఉత్తర్వు ఇచ్చి ఉంటే, దానికీ నకలు దరఖాస్తు ఇవాళే పెట్టండి.