వాయేజర్ చార్జింగ్ ఇంకా అయిపోలేదా?

ప్రశ్న: 1977లో అమెరికా అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌక ఇప్పటికీ కబుర్లు పంపుతోందని, దాంట్లో తెలుగు కూడా ఉందని మా అబ్బాయి అంటున్నాడు. మూడేళ్ల కిందట కొన్న నా ఫోనే సాయంత్రానికి చల్లబడుతోంది. ఇది నమ్మేదేనా?
– ఒక పాఠకురాలు, కుషాయిగూడ, హైదరాబాద్

జవాబు: నమ్మొచ్చండీ. కాకపోతే చెడిపోకుండా పనిచేస్తోందని మాత్రం అనుకోకండి, చాలాసార్లు మొరాయించింది, నాసా వాళ్లు బాగుచేసుకుంటూ నెట్టుకొస్తున్నారు. దాంట్లో ఉన్నది చార్జింగ్ పెట్టే బ్యాటరీ కాదు. ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహం తనంతట తాను క్షీణిస్తూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడిని కరెంటుగా మారుస్తారు. మొదట్లో 470 వాట్ల దాకా వచ్చేది, ఏటా ఓ 4 వాట్లు తగ్గుతోంది. అందుకే నెలాఖరులో ఇంటి ఖర్చులు కోసుకున్నట్టు ఒక్కో పరికరాన్నీ, ఒక్కో హీటర్‌నీ ఆపేస్తున్నారు. ఉన్న రెండు వాయేజర్లలో వాయేజర్-1 కెమెరాలైతే 1990లోనే, దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల నుంచి భూమిని చిన్న చుక్కలా ఫొటో తీశాక, ఆపేశారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది 2023 నవంబరు సంగతి. ఉన్నట్టుండి వాయేజర్-1 అర్థంపర్థం లేని సమాచారం పంపడం మొదలుపెట్టింది. పోయి విప్పి చూసే వీల్లేదు. అప్పటికి ఇక్కడి నుంచి కమాండ్ పంపితే చేరడానికి ఇరవై రెండున్నర గంటలు పట్టేది, జవాబు రావడానికి మళ్లీ అంతే, అంటే ఈరోజు పొద్దున అడిగిన మాటకు ఎల్లుండి తెల్లారుజామున బదులొస్తుంది, అదీ వస్తే! ఎంత టెన్షనో చూడండి. చివరికి ఒక మెమరీ చిప్ పోయిందని పట్టుకున్నారు. అందులోని ప్రోగ్రామును ముక్కలు చేసి, పెళ్లింట్లో చుట్టాలకు పక్కలు వేసినట్టు మిగతా మెమరీలో ఎక్కడ జాగా ఉంటే అక్కడ సర్దారు. 2024 ఏప్రిల్‌లో మళ్లీ దారికొచ్చింది.

దాని ట్రాన్స్‌మిటర్ 23 వాట్లు, పాత ట్యూబ్‌లైటుకే 40 వాట్లు కావాలి. అంత సన్నటి సిగ్నల్ పట్టడానికి అమెరికా, స్పెయిన్, ఆస్ట్రేలియాల్లో 70 మీటర్ల డిష్‌లున్నాయి. మీది కుషాయిగూడ కాబట్టి ఇంకో మాట: చంద్రయాన్-1 కోసం బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెనా చేసింది మీ పక్కనున్న ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వాళ్లే.

ఇక తెలుగు. రెండు వాయేజర్లలోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డు ఉంది, 55 భాషల పలకరింపుల్లో మనదీ ఒకటి. వాయేజర్-1 దాన్ని మోసుకుని 2012 ఆగస్టులోనే సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి వీచే హద్దు దాటేసింది. ఆ తెలుగు పలకరింపు నెట్‌లో దొరుకుతుంది, మీ అబ్బాయిని పెట్టి వినిపించమనండి, కొన్ని సెకన్లే.