ఇయర్‌బడ్స్ వదలని అబ్బాయి, హాల్లో మూగబోయిన స్టీరియో

ప్రశ్న: మా నాన్నగారి ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు, టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), కొన్ని ఎల్పీ రికార్డులు ఇంట్లో ఉన్నాయి. ఇంటర్ చదివే మా అబ్బాయి ఇయర్‌బడ్స్ తీయడు. వాడికి ఈ రుచి ఎలా తగిలించాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ‘మా కాలంలో’ అనే మాట మానేయండి సార్. నేనలా మొదలుపెట్టగానే మా మేనల్లుడు చెప్పులేసుకుని భద్రకాళి చెరువు కట్టకు పోయేవాడు. ఒకరోజు వాడి ఫోన్‌నే వైరుతో ఆంప్లిఫయర్‌కు కలిపి, నీ పాటే పెట్టుకోరా అన్నాను. రెండు నిమిషాలకు తలెత్తి, ‘మామా, డప్పు ఎడమ మూలకెళ్లి మోగుతున్నదేంది?’ అన్నాడు. అంతే, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

అసలు మలుపు నా తప్పుతోనే వచ్చింది. ఇంటికి సున్నం వేయించినప్పుడు ఒక స్పీకర్‌కు ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారు చేశాను. రెండు స్పీకర్లు ఒకదానికొకటి ఎదురు కొట్టుకుని బాస్, అంటే ఆ గంభీరమైన కింది శబ్దం, పలచబడింది. రెండేళ్లు నాకు తెలియనే లేదు! అది పట్టుకున్నది వాడే. ఆనాటి నుంచి సెట్టు వాడిదైపోయింది.

మీ స్పీకర్లు బీరువా మీదుంటే దించండి. చెవి ఎత్తులో, వాటి మధ్య ఎంత దూరమో మీ కుర్చీకీ అంతే దూరం ఉండాలి. ఎల్పీ తర్వాత చూద్దురు గాని. రికార్డు మీద ముల్లు మాత్రం వాడినే పెట్టనివ్వండి, గీత పడితే పడింది. టర్న్‌టేబుల్ వైరు ఆంప్లిఫయర్‌కు ‘ఫోనో’ అని రాసిన చోటే గుచ్చాలి, ‘ఆక్స్’ అని రాసిన చోట పెడితే గుసగుసలే వినపడతాయి.