నాలుగు భాషల విచారణలో దివ్యకారుణ్య జపమాల

ప్రశ్న: మా విచారణలో (పారిష్‌లో) తెలుగు, తమిళ, మలయాళీ కుటుంబాలూ, ఇంగ్లిషు పూజకు (మాస్‌కు) వచ్చేవాళ్లూ ఉన్నారు. పోయినేడు ఈస్టరు తర్వాత వచ్చే దివ్యకారుణ్య ఆదివారం నాడు అందరం కలిసి పూసకొక భాషలో దివ్యకారుణ్య జపమాల చెబితే గందరగోళమైంది. ఎలా చేయాలి? (సికింద్రాబాద్)

జవాబు: పూసపూసకీ భాష మార్చడం వల్లే చెడింది. చిన్నపూస మీద చెప్పేది ఒక్క వాక్యం. అందులో సగం నడిపించేవారిది, సగం జనానిది. నోరు ఒక భాషకు కుదురుకునేలోపే ఇంకోటి వస్తే జనం తమ సగం మింగేస్తారు. పది పూసలకొకసారి మార్చండి. మొత్తం ఐదు పదులు కదా, మొదటిదీ చివరిదీ ఎక్కువమంది మాట్లాడే భాషకూ, మధ్య మూడూ మిగతా భాషలకూ ఇవ్వండి. మామీదా లోకమంతటిమీదా దయ చూపమనే జనం వంతును నాలుగు భాషల్లోనూ తెలుగు లిపిలో రాసి చీటీ పంచండి. నాలుగు వరుసలకు మించదు. నడిపించే నలుగురూ ముందే మైకు దగ్గర నిలబడాలి. బెంచీల్లోంచి ఒక్కొక్కరూ నడిచి వచ్చేసరికి జపం చల్లారిపోతుంది.

ఎవరి భాషలో వాళ్లు జవాబిస్తే అందంగా ఉంటుందని కొందరంటారు. కానీ వాక్యం పొడవు ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది. రెండో పూసకే కొందరు ముందు, కొందరు వెనక అవుతారు.

చివర దేవుణ్ని పరిశుద్ధుడు, బలవంతుడు, అమరుడు అని మూడుసార్లు పిలిచే ప్రార్థన ఉంది చూడండి, దాన్ని మలయాళీల చేత ఎత్తించండి. 1935లో విల్నియస్‌లో పోలండు సన్యాసిని పునీత ఫౌస్తీనా తన డైరీలో రాసుకున్న జపమాలలో అది ఉన్నా, ప్రార్థన మాత్రం 5వ శతాబ్దం నాటికే వాడుకలో ఉంది. కేరళ కతోలికుల సిరో మలబారు పూజలో అది ఉంటుంది కాబట్టి వాళ్లకు నోటికి వచ్చు. తెలుగువాళ్లు పవిత్ర శుక్రవారం సిలువ ఆరాధనలో వినే ఉంటారు.

ప్రశ్న: దివ్యకారుణ్య జపమాలలో పెద్దవాళ్లు చిన్నపూసలకు మంగళవార్త జపం (మరియమాతకు చేసే ప్రార్థన) చెప్పేస్తున్నారు. (గుంటూరు)

జవాబు: చేతిలో ఉన్నది మరియమాత జపమాలే కాబట్టి వేళ్లకు ఆ అలవాటే వస్తుంది. దివ్యకారుణ్య జపమాలలో పరలోక జపం, మంగళవార్త, విశ్వాస సంగ్రహం మొదట్లో ఒక్కోసారే. ఆ తర్వాత పెద్దపూసకు తండ్రికి చేసే సమర్పణ, చిన్నపూసకు దయ కోరే వాక్యం, అంతే. పది పూర్తికాగానే త్రిత్వ స్తోత్రం అందుకునేవాళ్లూ ఉంటారు, అది ఇందులో లేదు. పొరపడినంత మాత్రాన మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు.

ప్రశ్న: మా వీధిలోని సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ప్రొటెస్టంట్ సంఘం) కుటుంబాలు దివ్యకారుణ్య ఆదివారానికి ముందు తొమ్మిది రోజులు చేసే నవదిన ప్రార్థనకు వస్తామంటున్నాయి. పిలవొచ్చా? (ఖమ్మం)

జవాబు: తప్పకుండా. అయితే పూజకు జోడించకుండా సాయంత్రం ఒక ఇంట్లో పెట్టుకోండి. పూజలో అయితే సత్ప్రసాదం (కమ్యూనియన్) ఇచ్చే సమయానికి కతోలికులు కాని అతిథులు బెంచీల్లోనే ఉండిపోవాలి, ఇద్దరికీ ఇబ్బంది. మొదట్లో ఒక మంగళవార్త జపం వస్తుందని ముందే చెప్పండి. ఇష్టం లేనివారు మౌనంగా ఉంటారు.

చిక్కంతా ఐదోరోజు దగ్గర. నవదినాలు పవిత్ర శుక్రవారం మొదలవుతాయి కనుక అది ఈస్టరు తర్వాతి మంగళవారం. ఆనాటి ప్రార్థన కతోలిక సంఘం నుంచి విడిపోయినవారి కోసం. పొరుగువాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మాట చదివితే మొహాలు మాడిపోతాయి. నిజానికి సీఎస్‌ఐ 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి ఏర్పడింది. కలవడమంటే ఏమిటో వాళ్లకు మనం నేర్పేదేమీ లేదు. ఆరోజు యోహాను 17వ అధ్యాయం 20 నుంచి 23 వరకు వాళ్ల చేతే చదివించి, క్రైస్తవులందరి ఐక్యత కోసం అని ఉద్దేశం చెప్పి జపమాల మొదలుపెట్టండి.

ప్రశ్న: ఆర్టీసీ కండక్టరును. యేసు ప్రాణం విడిచిన వేళ అని దివ్యకారుణ్య ప్రార్థన చేసే మధ్యాహ్నం మూడింటికి బస్సులో ఉంటాను. (నల్గొండ)

జవాబు: జపమాల మూడింటికే చెప్పాలన్న నియమం లేదు. ఆ వేళకు క్షణమైనా సరే ప్రార్థనలో నిలవమని ఫౌస్తీనా డైరీలోనే ఉంది. టికెట్లు కొడుతూనే మనసులో దయ చూపమని అడగండి. పూసలు డ్యూటీ దిగాక.